నిద్రలోనూ తగ్గని నాడి: అర్ధరాత్రి గుండెదడతో లేచే ఓ తల్లి కేసు

31 ఏళ్ల మహిళ. సొంతూరు అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులో, మారతహళ్లి దగ్గర కాపురం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎనిమిది నెలల పాప ఉంది, తల్లి పాలే తాగుతోంది. రెండు నెలలుగా రాత్రి నిద్రలోంచి గుండె దడదడలాడుతూ మెలకువ వస్తోంది. ఊపిరి అందనట్టు ఉంటుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇక ప్రాణం పోతుందన్నంత భయం. వారానికి నాలుగైదు సార్లు. ఈలోపు వేర్వేరు ఆస్పత్రుల ఎమర్జెన్సీకి మూడుసార్లు వెళ్లొచ్చారు. మూడుసార్లూ ఈసీజీ తీశారు, రెండుసార్లు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) కూడా చేశారు. గుండెపోటు కాదన్నారు. టెన్షన్ తగ్గించుకోమని చెప్పి, రాత్రికి క్లోనజెపామ్ అనే మత్తు మాత్ర అర మిల్లీగ్రాము రాసిచ్చారు.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

మొదటి రోజు ముగ్గురూ కలిసి వచ్చారు. భర్త చేతిలో రిపోర్టుల ఫైలు ఉంది. గుండె అంటే బెంగళూరులో అందరికీ ముందు గుర్తొచ్చేది జయదేవ ఆస్పత్రే కాబట్టి, అక్కడికి తీసుకెళ్లి యాంజియోగ్రామ్ చేయిద్దామా అని అడిగాడు. కూతురి కోసం ఊరి నుంచి మళ్లీ వచ్చిన తల్లిది ఇంకో అనుమానం. "అర్ధరాత్రి లేచి కూచుంటాదమ్మా, ముఖమంతా చెమటలు. పచ్చి ఒళ్లు మీద ఏదైనా గాలి సోకిందేమో అని నాకు భయం." పేషెంటు మాత్రం, "నాకు పిచ్చి పడుతోందా మేడం?" అని ఒక్క మాటే అడిగింది.

ఇలాంటి కేసుల్లో నేను మొదట రాత్రి సంగతిని నిమిషాల లెక్కన చెప్పించుకుంటాను. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, కల వచ్చిందా, ముందు దడ వచ్చిందా భయం వచ్చిందా, ఎలా తగ్గింది. ఈమె పదిన్నర, పదకొండు మధ్య పడుకుంటుంది. పన్నెండు దాటాక లేస్తుంది. కల గుర్తుండదు. కళ్లు తెరిచేసరికే గుండె పరిగెడుతూ ఉంటుంది, భయం ఆ వెనకే వస్తుంది. ఐదు పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలో మెల్లగా దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ నిద్రపోవడానికి భయం. అందుకని ఈమధ్య రెండింటి దాకా ఫోను చూస్తూ కూర్చుంటోంది. పాప రెండింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి పాలకు లేస్తుంది. అంటే నికరంగా నిద్ర మూడు నాలుగు గంటలు కూడా లేదు.

మొదలైన సమయం చూస్తే ఎవరైనా టెన్షన్ అనే అంటారు. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరిన నెలలోనే ఇది మొదలైంది. అదే నెలలో అమ్మ ఊరికి వెళ్లిపోయింది. భర్తకు అమెరికా వాళ్లతో కాల్స్ రాత్రి పన్నెండు దాకా ఉంటాయి. టెన్షన్‌కు కారణాలు కావలసినన్ని ఉన్నాయి. అంత సులువుగా దొరికే కారణం ఉన్నప్పుడే మనం ఇంకొకటి వెతకడం మానేస్తాం.

పాత జబ్బుల గురించి అడిగితే, "థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను" అంది. ఎమర్జెన్సీ చీటీలన్నిటిలోనూ ఇదే వాక్యం ఉంది. ఉంది, మాత్ర వేసుకుంటోంది, కాబట్టి ఆ విషయం అయిపోయింది అన్నట్టు. ఎంత మోతాదు, చివరిసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడు చేయించారు అని అడిగితే కథ వేరేగా వచ్చింది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నందుకు, ఆ హార్మోనునే మాత్రగా ఇచ్చే థైరాక్సిన్‌ను 24 ఏళ్ల వయసు నుంచి రోజుకు 75 మైక్రోగ్రాములు వాడుతోంది. గర్భం వచ్చాక 100 చేశారు, ఐదో నెల దాటాక 125 చేశారు. ప్రసవం తర్వాత కూడా ఆ 125 అలాగే నడుస్తోంది. ఆఖరి టీఎస్‌హెచ్ పరీక్ష ప్రసవానికి ముందు నెలలో చేసింది.

పరీక్షలో నాడి నిమిషానికి 106, క్రమంగానే ఉంది. బీపీ 128/64. అరచేతులు వెచ్చగా, తడిగా ఉన్నాయి. చేతులు ముందుకు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పెడితే అది సన్నగా వణికింది. మోకాలి రిఫ్లెక్స్ చురుగ్గా ఉంది. మెడలో వాపు, నొప్పి లేవు. కళ్లు మామూలుగానే ఉన్నాయి. గర్భానికి ముందు 58 కిలోలు ఉండేది, ఇప్పుడు 54. పాలిస్తున్నందువల్ల తగ్గానని ఆమె సంతోషంగానే ఉంది. ఊపిరితిత్తులు శుభ్రం, కాళ్ల వాపు లేదు, పిక్కల్లో నొప్పి లేదు, ఆక్సిజన్ 99 శాతం.

ఆమె చేతికి స్మార్ట్‌వాచ్ ఉంది. ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పేషెంట్లలో సగం మంది చేతికి ఉంటుంది. అది చూపించే ప్రతి గీతకూ భయపడి వచ్చేవాళ్లను చూసి విసిగిపోయి, సాధారణంగా నేను ఆ గ్రాఫుల జోలికి వెళ్లను. ఈసారి నేనే అడిగి తీయించాను. దడ వచ్చినప్పటి లెక్క నాకు అక్కర్లేదు, దడ లేని రాత్రుల్లో గాఢనిద్రలో నాడి ఎంత ఉందో కావాలి. గర్భానికి ముందు నెలల్లో నిద్రలో 56 నుంచి 60 ఉండేది. గత రెండు నెలల్లో 84కు తగ్గలేదు.

పాతకాలపు వైద్యులు థైరాయిడ్ ఎక్కువైన మనిషినీ, ఉత్త ఆందోళనతో ఉన్న మనిషినీ వేరుచేయడానికి నిద్రపోతున్నప్పుడు నాడి పట్టుకుని చూసేవారు. ఆందోళన మాత్రమే అయితే నిద్రలో గుండె నెమ్మదిస్తుంది. హార్మోను ఎక్కువైతే మనిషి నిద్రపోయినా గుండె నిద్రపోదు. ఇప్పుడు రక్తపరీక్ష చవకగా దొరుకుతుంది కాబట్టి ఆ పద్ధతిని ఎవరూ పట్టించుకోవడం లేదు. కానీ ఏ రక్తపరీక్ష రాయాలో గుర్తు చేయడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది.

పరీక్షలు

మొదటి టీఎస్‌హెచ్ 0.02, అంటే బాగా తక్కువ. ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఇది పడిపోతుంది. ఆ హార్మోనును నేరుగా కొలిచే ఫ్రీ టీ4 ఎక్కువ. అయినా వెంటనే మందు మార్చలేదు. ప్రసవం తర్వాత జుట్టు రాలుతోందని ఆమె ఒక మాత్ర వాడుతోంది. అందులో బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాములు ఉంది. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే పద్ధతిలో బయోటిన్ అడ్డుపడి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ బాగున్న మనిషికి కూడా ఎక్కువైనట్టు రిపోర్టు వస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీని గురించి హెచ్చరించింది. మన దగ్గర జుట్టు మాత్ర వాడుతున్నారా అని అడిగే ల్యాబ్ ఇంతవరకు నాకు కనిపించలేదు. ఆ మాత్ర మూడు రోజులు ఆపించి మళ్లీ తీయిస్తే 0.03 వచ్చింది. నిజంగానే ఎక్కువైంది.

హిమోగ్లోబిన్ 10.1, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 9, రెండూ తక్కువే. రక్తహీనత కూడా దడ పెంచేదే. షుగరు మామూలుగానే ఉంది.

గుండె సంగతి పక్కన పెట్టలేదు. పురిటి తర్వాత రాత్రి ఊపిరాడక లేచే స్త్రీలో నేను భయపడేది పెరిపార్టమ్ కార్డియోమయోపతి గురించి. అంటే కాన్పుకు అటూ ఇటూగా గుండె కండరం బలహీనపడటం. గర్భం చివరి నెల నుంచి కాన్పయిన ఐదు నెలల దాకా అది ఎక్కువగా బయటపడుతుంది. ఈమెకు ఆ గడువు దాటింది, పడుకున్నా ఆయాసం లేదు. అయినా ఎకో, అంటే గుండె స్కాన్, చేయించకుండా వదలడం నాకు ఇష్టం లేకపోయింది. గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం బయటికి తోస్తోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ 62 శాతం వచ్చింది, గుండె బాగుంది.

24 గంటలూ గుండె లయను రికార్డు చేసే హోల్టర్ పెట్టిన రాత్రే అదృష్టవశాత్తూ దడ కూడా వచ్చింది. 12:40కి నాడి 88 నుంచి రెండు మూడు నిమిషాల్లో 138కి ఎక్కి, ఇరవై అయిదు నిమిషాల్లో మెల్లగా దిగింది. లయ మామూలుదే. పీఎస్‌వీటీ అనే లయ జబ్బు అయితే స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 150 దాటిపోయి, అలాగే ఒక్కసారిగా ఆగిపోతుంది. యువతుల్లో పీఎస్‌వీటీని టెన్షన్ అని ఏళ్ల తరబడి తోసేయడం నేను చాలా చూశాను. అందుకే ఎలా మొదలవుతుంది, ఎలా ఆగుతుంది అని గుచ్చి గుచ్చి అడుగుతాను. యాంజియోగ్రామ్ అవసరం లేదని భర్తకు చెప్పాను.

గురక లేదని భర్త చెప్పాడు, పగటి మత్తు కూడా నిద్ర చాలకపోవడం వల్ల వచ్చేదిలాగే ఉంది. స్లీప్ స్టడీ చేయించలేదు. మనిషి లావుగా ఉండి, గురకపెట్టి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే మొదట చేయించేది అదే.

ప్రసవానంతర డిప్రెషన్ కోసం ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలూ తెలుగులో అడిగాను. స్కోరు 30కి 11. ఆత్మహత్య ఆలోచనల ప్రశ్నకు సున్నా. పాపకు ఏదైనా హాని చేస్తానేమో అన్న ఆలోచనలు వస్తున్నాయా అని విడిగా, ఆమె తల్లిని బయట కూర్చోబెట్టి అడిగాను. అవి లేవు. ఉండి ఉంటే ఇక్కడి మానసిక, నరాల ఆస్పత్రి నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే విభాగానికి పంపేదాన్ని. 2009 నుంచి నడుస్తోంది. తర్వాత లోపలికి వచ్చిన ఆమె తల్లి ఆ మాట వినగానే, "అది పిచ్చాసుపత్రి కదమ్మా" అని కంగారు పడింది. పంపడం లేదని చెప్పాక కాస్త కుదుటపడింది.

125 ఎందుకు ఇంత ఎక్కువైంది?

గర్భంలో థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది, డాక్టర్లు పెంచుతారు. అది సరైన పనే. ప్రసవం కాగానే ఆ అవసరం పడిపోతుంది. అప్పుడు గర్భానికి ముందున్న మోతాదుకు వచ్చేసి, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూడాలని 2017 నాటి అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఈ పని ఎవరిదో తేలక జారిపోతుంటుంది. ప్రసూతి డాక్టరు పని కాన్పుతో అయిపోతుంది, పిల్లల డాక్టరు పాపను చూస్తారు. తల్లి థైరాయిడ్ మాత్ర మాత్రం పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో వస్తూనే ఉంటుంది.

కానీ మోతాదు ఎక్కువై ఎనిమిది నెలలైతే, దడ ఆరు నెలల తర్వాతే ఎందుకు మొదలైంది? ఇది నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. మాత్రలు ఎప్పుడెప్పుడు ఎలా వేసుకునేదో వరుసగా చెప్పమన్నాను. ప్రసవం తర్వాత ఆరు నెలలు క్యాల్షియం, ఐరన్ రాసిచ్చారు. ఐరన్‌తో మలబద్ధకం వస్తోందని మధ్యలోనే మానేసింది. క్యాల్షియం మాత్రం మర్చిపోకుండా, పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటే మింగేసేది. క్యాల్షియం, ఐరన్ రెండూ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసి ఒంటికి అందనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. అంటే ఆరు నెలలూ ఆ 125లో కొంత వృథా పోయింది. గర్భంలో కూడా ఇలాగే వేసుకుని ఉంటే 125 దాకా పెంచాల్సి రావడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు. ఆరో నెల నిండగానే క్యాల్షియం కోర్సు అయిపోయింది. మాత్ర పూర్తిగా ఒంటపట్టడం మొదలైంది. అదే నెలలో ఆఫీసు, అదే నెలలో అమ్మ ప్రయాణం. అందరి కళ్లూ ఆ రెండిటి మీదే పడ్డాయి.

వైద్యం

థైరాక్సిన్ మళ్లీ 75కు తెచ్చాను. ఖాళీ కడుపున, నీళ్లతో, కాఫీకి కనీసం అరగంట ముందు. ప్రసవం తర్వాత థైరాయిడ్‌కు వాపు రావడం, థైరాయిడ్ తనంతట తనే అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు బయటపడటం కూడా ఉన్నాయి కాబట్టి, మోతాదు తగ్గించినా టీఎస్‌హెచ్ లేవకపోతే యాంటీబాడీ పరీక్ష చేయాలని రాసుకున్నాను. ఆ అవసరం రాలేదు. ఐరన్ రోజు విడిచి రోజు, రాత్రి భోజనం తర్వాత. ఆస్తమా లేదని నిర్ధారించుకుని, గుండె వేగం తగ్గించే ప్రొప్రనొలాల్ 20 మిల్లీగ్రాములు రెండు పూటలా మూడు వారాలు ఇచ్చి, తర్వాత తగ్గించి ఆపాను. పాలిచ్చే తల్లులకు అది ఇవ్వవచ్చు. క్లోనజెపామ్ పాలలోకి వెళ్లి పాపకు మత్తు తెస్తుంది. తల్లి మత్తుగా ఉండి, పాప అదే మంచం మీద పడుకోవడం ఇంకా ప్రమాదం. మోతాదు సగం చేసి, రెండు వారాల్లో మాన్పించాను.

కాఫీ గురించి చిన్న గొడవే జరిగింది. రోజుకు నాలుగు ఫిల్టర్ కాఫీలు, ఆఖరిది సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు దగ్గరి దర్శిని హోటల్లో. కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పూర్తిగా మానేయమని నేను అనను, అంటే ఎవరూ వినరు. ఉదయం రెండు, మధ్యాహ్నం తర్వాత ఏమీ వద్దు అని ఒప్పందం కుదిరింది.

వాళ్లింట్లో అన్నిటికన్నా పనిచేసిన మార్పు మందు కాదు. భర్త పన్నెండుకు కాల్ ముగించుకుని, పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు తనే పాపకు పట్టడం మొదలుపెట్టాడు. రెండింటి వంతు తప్పిపోయి ఆమెకు ఒకేసారి ఐదారు గంటల నిద్ర దొరికింది.

ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 1.4. నిద్రలో నాడి 62, 64. వణుకు లేదు, పగటి దడ లేదు. బరువు కిలో పెరిగింది. రాత్రి మెలకువలు వారానికి రెండుకు తగ్గాయి, కానీ ఆగలేదు. "రిపోర్టు నార్మల్ అయింది కదా మేడం, మరి ఇంకా ఎందుకు వస్తోంది?" అని ఆమె అడిగింది. చాలా కేసుల్లో డాక్టరూ పేషెంటూ విడిపోయేది ఈ మలుపు దగ్గరే. రక్తం బాగుంది కాబట్టి ఇక నీ మనసుదే తప్పు అన్నట్టు ఆయన మాట్లాడతాడు, ఆమె ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి మళ్లీ ఎకోతో మొదలుపెడుతుంది.

ఇప్పుడు మిగిలింది రాత్రి పానిక్, అంటే నిద్రలోంచి ప్రాణభయంతో లేపే దాడి. అది కల నుంచి పుట్టదు. పీడకలలు తెల్లవారుజామున, కలల నిద్రలో ఎక్కువ. పానిక్ మాత్రం పడుకున్న ఒకటి నుంచి మూడు గంటల్లో, తేలిక నిద్ర నుంచి గాఢనిద్రలోకి జారే చోట వస్తుంది. ఆ సమయంలో గుండె వేగం, ఊపిరి అందరిలోనూ కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. మామూలు మనిషికి తెలియదు. ఈమెకు రెండు నెలలు ప్రతి దడా ప్రాణభయంతో ముగిసింది కాబట్టి, ఒళ్లు ఆ చిన్న మార్పుకే ఉలిక్కిపడటం నేర్చుకుంది. ఇంట్లో ఒకసారి దొంగలు పడ్డాక పిల్లి గిన్నె కదిపినా లేచి కూర్చుంటాం కదా, అలా అని చెప్పాను. దొంగ థైరాక్సినే, వెళ్లిపోయాడు. కాపలా ఇంకా దిగలేదు.

పానిక్‌కు, డిప్రెషన్‌కు వాడే సెర్ట్రాలిన్ గురించి చెప్పాను. పాలిచ్చే తల్లులకు ఈ కోవ మందుల్లో ముందుగా ఎంచుకునేది అదే. ఆమె కొన్నాళ్లు మందు లేకుండా ప్రయత్నిస్తానంది, ఎడిన్‌బరో స్కోరు కూడా అప్పటికి 6కు తగ్గింది కాబట్టి ఒప్పుకున్నాను. మా క్లినిక్‌లో తెలుగు మాట్లాడే సైకాలజిస్టు ఎనిమిది సెషన్లు చేసింది.

మొదటి సెషన్‌లోనే ఒక సంగతి బయటపడింది. దడ తగ్గాలని ఈమె యూట్యూబ్‌లో చూసి, పడుకునే ముందు పది నిమిషాలు భస్త్రిక చేస్తోంది. వేగంగా, బలంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్ల తిమ్మిరి, పెదవుల మొద్దుబారడం, తల తేలిపోవడం అన్నీ దాని నుంచే వస్తాయి. ప్రాణాయామం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, కానీ పానిక్ ఉన్నవాళ్లు నిద్రకు ముందు చేయవలసినది ఇది కాదు. ఇదే భస్త్రికను సైకాలజిస్టు పగటిపూట, తన ఎదురుగా, ఒక్క నిమిషం చేయించింది. "ఇదే! రాత్రి వచ్చేది ఇదే!" అని పేషెంటు అరిచిందట. ఆ తర్వాత సెషన్లన్నీ ఆ దారిలోనే సాగాయి, అంటే ఆ లక్షణాలను కావాలనే తెప్పించి వాటికి భయపడకుండా అలవాటు చేయడం. కుర్చీలో గిరగిరా తిరగడం, స్ట్రాతో ఊపిరి తీసుకోవడం, అపార్ట్‌మెంటులో నాలుగు అంతస్తులు గబగబా ఎక్కి, పైన నిలబడి గుండె కొట్టుకోవడాన్ని ఏమీ చేయకుండా గమనించడం. నాడి 106 ఉన్నప్పుడే ఇవి మొదలుపెట్టి ఉంటే పాపం అది శిక్షే అయ్యేది. అందుకే హార్మోను కుదుటపడేదాకా ఆగాం.

రాత్రి మెలకువ వస్తే ఏం చేయకూడదో కూడా నేర్పించాం. వాచ్ చూడకూడదు. నాడి పట్టుకోమని భర్తను లేపకూడదు. కారు తాళాలు అందుకోకూడదు. నాకు అంతగా పనికొచ్చిన ఆ వాచ్‌ను రాత్రి బీరువాలో పెట్టించాం. దానికి ఆమె అన్నిటికన్నా ఎక్కువ గింజుకుంది. తల్లి కట్టిన తాయెత్తు జోలికి ఎవరం పోలేదు.

అదే సమయంలో, ఏవి వస్తే ఆగకుండా ఆస్పత్రికి రావాలో కాగితం మీద రాసి భర్తకు ఇచ్చాను. స్పృహ తప్పడం, ఎడమ చేతికో దవడకో పాకే ఛాతీ నొప్పి, వెల్లకిలా పడుకోలేనంత ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచడం, ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగే 150 దాటిన దడ, పాపకో తనకో హాని చేసుకోవాలన్న ఆలోచన. ఈ జాబితా చేతిలో ఉంటేనే మిగతా రాత్రుల్లో ఇంట్లో ఉండగలిగే ధైర్యం వస్తుంది.

తర్వాత

సెషన్లు ముగిసేసరికి నెలకు ఒకటి, అదీ పది నిమిషాల్లో తగ్గిపోయేది. నాలుగో నెలలో భర్త మూడు వారాలు విదేశానికి వెళ్లాడు, పాపకు జ్వరం వచ్చింది. ఒకే వారంలో మూడుసార్లు లేచింది. ఎమర్జెన్సీకి వెళ్లలేదు, నాకు ఫోన్ చేసింది. టీఎస్‌హెచ్ మళ్లీ చూశాను, 1.9. నేర్చుకున్న అభ్యాసాలే రెండు వారాలు మళ్లీ చేసింది, తగ్గింది. ఏడో నెలలో చూసినప్పుడు ఆరు వారాలుగా ఒక్కటీ రాలేదు. కొత్త చోట, గదిలో ఒంటరిగా పడుకోవాలంటే మాత్రం ఇంకా భయమే. ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు అమ్మ పక్కనే పడుకున్నానని చెప్పింది.

రెండో బిడ్డ ఆలోచన ఉందన్నారు. ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఇలా రాశాను: గర్భం నిర్ధారణ కాగానే థైరాక్సిన్ 75 వారానికి ఏడుకు బదులు తొమ్మిది మాత్రలు, వెంటనే టీఎస్‌హెచ్. క్యాల్షియం, ఐరన్ మధ్యాహ్నం లేదా రాత్రి మాత్రమే. ప్రసవమైన రోజు నుంచి మళ్లీ రోజుకు 75. ఆరు వారాలకు టీఎస్‌హెచ్, దానికి ముందు జుట్టు మాత్ర ఆపాలి.